అద్దె ఇల్లు, ఉప్పు నీళ్లు: టీచర్ ఇంట్లో నల్లబల్ల, మిద్దె మీద ఆకుకూరలు ఎట్లా?

కావలి_టీచరమ్మ:

నమస్కారం అండీ. అద్దె ఇంట్లో మూడు పనులు మొదలుపెట్టాలి. మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా వివరాలన్నీ ఒకేసారి రాస్తున్నాను.

ఇల్లు కావలిలో. ఒంటి అంతస్తు డాబా, మిద్దె వాడుకోవచ్చు. హాల్లో 9 అడుగుల గోడ ఖాళీగా ఉంది గానీ నేల నుంచి రెండడుగుల దాకా పొక్కులు లేచి సున్నం పొడి రాలుతోంది. బోరు నీళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరులో 1400. మునిసిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అది 350. ఇంట్లో మేమిద్దరం, అత్తమ్మ, నాలుగేళ్ల పాప. నేను ఎస్జీటీని (ప్రాథమిక బడి టీచర్‌ని), బడి కలిగిరి వైపు. 7:30కి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి 5:30. ఏ పనికైనా ఆదివారాలు, మామూలు రోజుల్లో ఒక అరగంట, అంతే.

1. నల్లబల్ల: పాప రాసుకోవడానికి, నేను మర్నాటి పాఠం సరిచూసుకోవడానికి. గోడకే నల్లబల్ల పెయింట్ వేయించమని ఒకరు, మార్కాపురం పలకరాయి వేయించమని ఒకరు, చీమకుర్తి గ్రానైట్ తునక తెచ్చుకోమని ఇంకొకరు. ఓనరు గారు గోడకి నాలుగు బొక్కలకు మించి వద్దన్నారు.

2. మిద్దె మీద టబ్బుల్లో ఆకుకూరలు. మెంతికూర, కొత్తిమీర మొలిచి, వారం తిరక్కుండా ఆకుల అంచులు మాడిపోతున్నాయి. నీళ్లు ఎక్కువా, తక్కువా?

3. డబ్బు పెట్టి కొనకుండా, ఇంట్లో వస్తువులతో చేసుకునే టీఎల్ఎం (పాఠం చెప్పడానికి వాడే బోధనా సామగ్రి). పాపకీ పనికిరావాలి, మూడు నుంచి ఐదు తరగతులకీ పనికిరావాలి.

—

వడ్రంగం_ఒంగోలు:

టీచర్ గారూ, ఆ గోడకి మాత్రం పెయింట్ వేయించొద్దు. రెండడుగుల దాకా పొక్కులున్నాయంటే పునాదిలోంచి గోడ చెమ్మ పీలుస్తోందని. చెమ్మతో పాటు ఉప్పూ పైకెక్కుతుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలి పూత వెనకాల గడ్డకట్టి ఉబ్బుతుంది, పైనున్న రంగుని తోసేస్తుంది. నల్లబల్ల పెయింట్ ఎనామిల్ జాతి. గోడకి గాలి ఆడనివ్వదు కాబట్టి మామూలు సున్నం కంటే ముందే పెచ్చులుగా ఊడుతుంది. లప్పం రుద్ది వేసినా అంతే, అప్పుడు లప్పంతో సహా వస్తుంది.

రెండడుగుల పైన గోడ పొడిగా ఉందో లేదో ముందు చూసుకోండి. అడుగున్నర చదరం పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజంతా వదిలేయండి. కాగితం లోపలి వైపు నీటి బొట్లు ఉంటే చెమ్మ గోడది. బయటి వైపు ఉంటే గాలిలోది, దానికి భయం లేదు.

మీకు పనికొచ్చేది విడిగా తగిలించే ప్లైవుడ్ బల్ల. ఇల్లు మారితే బల్ల కూడా మీతో వస్తుంది.

ప్లైవుడ్ షీటు 8×4 అడుగులు వస్తుంది. సగం కోయించుకుంటే 4×4. మందం 12 ఎంఎం. 6 ఎంఎం అయితే సుద్దతో నొక్కినప్పుడు డప్పులా మోగుతుంది, ఏడాదిలో వంగుతుంది. ఎండీఎఫ్ (చెక్క పొడి అదిమి చేసిన పలక) వద్దు, సముద్రపు గాలికి అంచులు బిస్కట్టులా ఉబ్బుతాయి. షాపులో ఎంఆర్ (తేమని కొంత ఓర్చేది) అనీ బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకీ ఓర్చేది) అనీ రెండు రకాలు చూపిస్తారు. కావలి గాలికి బీడబ్ల్యూఆరే తీసుకోండి. 4×4 ముక్క పదకొండు పన్నెండు కేజీలు తూగుతుంది, ఇద్దరు పట్టుకుంటే చాలు.

రంగుకి ముందు 120 నంబరు గరుకు కాగితంతో చెక్క గీతల వెంబడి రుద్ది, దుమ్ము తుడిచి, ఉడ్ ప్రైమర్ ఒక కోటు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ప్రైమర్ ముందు వైపుకే వేసి ఊరుకుంటారు. వెనక వైపు పచ్చి చెక్క చెమ్మ పీల్చుకుని సాగుతుంది, ముందు వైపు సాగదు, బల్ల అప్పడంలా ఒక పక్కకి వంగుతుంది. కాబట్టి రెండు వైపులా వేయాలి. నాలుగు అంచులకీ రెండు సార్లు, ఎందుకంటే నీళ్లు తాగేది అంచుల్లోంచే. ఒక రాత్రి ఆరనిచ్చి, 220 కాగితంతో తేలిగ్గా రుద్ది, నల్లబల్ల పెయింట్ రెండు కోట్లు. 4 అంగుళాల స్పాంజి రోలరుతో, మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా. బ్రష్షు వాడితే చారలు పడి సుద్ద వాటిలో ఇరుక్కుంటుంది. కోటుకీ కోటుకీ మధ్య 8 గంటలు. ఇంత బల్లకి అర లీటరు డబ్బా సరిపోయి కొంచెం మిగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ముసురు పట్టి ఉంటుంది కదా, అప్పుడు పెయింట్ అంటుకుంటూనే ఉంటుంది. సంక్రాంతి సెలవులే దీనికి సరైన రోజులు.

ఆరిపోయిందని ఆ పూటే రాయొద్దు. మూడు రోజులు ఆగి, సుద్దముక్కని పడుకోబెట్టి బల్ల మొత్తం తెల్లగా అయ్యేదాకా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. దీన్ని వదిలేస్తే మొదట రాసిన అక్షరాలు ఎన్ని సార్లు తుడిచినా నీడలా కనబడుతూనే ఉంటాయి.

ఇక తగిలించడం. 3 అడుగుల పొడవు, 20 ఎంఎం మందం ఉన్న గట్టి చెక్క పట్టీని పొడవునా ఏటవాలుగా, 45 డిగ్రీల్లో రెండుగా చీల్పించండి. ఒక సగాన్ని గోడకి బిగించాలి. దాని ఏటవాలు అంచు పైకి ఉండి గోడ వైపు వాలాలి, అప్పుడు గోడకీ పట్టీకీ మధ్య గాడిలా ఏర్పడుతుంది. రెండో సగాన్ని తలకిందులుగా బల్ల వెనక పై భాగాన బిగిస్తే, అది వచ్చి ఈ గాడిలో కూర్చుంటుంది. గోడకి మూడు బొక్కలు చాలు, ఓనరు గారి లెక్కలో ఒకటి మిగిలింది. 8 ఎంఎం బిట్టు, 50 ఎంఎం ప్లగ్గు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు. మామూలు ఇనుప స్క్రూలు ఈ ఉప్పు గాలికి తుప్పు కారి గోడ మీద చారలు పెడతాయి. బల్ల వెనక కింది భాగాన కూడా 20 ఎంఎం చెక్క ముక్కలు రెండు అతికించండి, బల్ల నిటారుగా నిలుస్తుంది. గోడకీ బల్లకీ మధ్య ఆ 20 ఎంఎం ఖాళీలో గాలి ఆడుతుంది, గోడ చెమ్మ చెక్కకి తగలదు.

బల్ల కింది అంచు నేలకి 2 అడుగుల ఎత్తులో ఉండాలి, పొక్కుల గీతకి పైన. అప్పుడు కింది సగం పాపకి అందుతుంది, పై సగం మీది.

—

మార్కాపురం_పలక:

పైన చెప్పిన ప్లైవుడ్ పద్ధతే మేలు. అయితే రాయి గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు.

మార్కాపురం రాయి పొరలు పొరలుగా చీలుతుంది, బడి పలకలు అందుకే అంత పల్చగా వచ్చేవి. ఇప్పుడు టైల్సుగా కూడా దొరుకుతుంది గానీ ఎక్కువగా అమ్మేది చీలిక ముఖం ఉన్నట్టే వదిలేసినది. గోడకి అందంగా ఉంటుంది, రాతకి పనికిరాదు. సుద్ద ఎత్తుపల్లాల మీద ఎగిరెగిరి పడి గీత తెగుతుంది. నున్నగా అరగదీసిన రకం కావాలని అడిగి తీసుకోవాలి. 10 ఎంఎం మందంలో చదరపు అడుగుకి రెండున్నర కేజీలు. 4×4 బల్లంటే 40 కేజీలు దాటుతుంది. చౌడెక్కిన గోడకి అంత బరువు తగిలించొద్దు.

2×1 అడుగుల ముక్క ఒకటి, దాదాపు 5 కేజీలు, నాలుగు వైపులా చెక్క చట్రం కట్టించి పాపకి నేల మీద పెట్టుకునే పెద్ద పలకలా ఇవ్వొచ్చు. బలపంతో రాస్తే తడిగుడ్డతో పూర్తిగా పోతుంది, పెయింట్ బల్లలా పాతబడదు. అంచులు చేత్తో తడిమి చూడండి, చీలికలు సూదిలా ఉంటాయి. 120 కాగితంతో గుండ్రంగా రుద్దాకే చట్రంలో పెట్టాలి.

చీమకుర్తి గ్రానైట్ మాట మర్చిపోండి. అద్దంలా పాలిష్ పట్టిన రాయి మీద సుద్ద జారుతుంది, పైగా ఆ బంగారు చుక్కల మధ్య పాపకి అక్షరం ఎక్కడ కనబడుతుంది? 18 ఎంఎం తునక అడుగుకి 5 కేజీలు. చపాతీలు ఒత్తుకోవడానికి తెచ్చుకోండి, భేషుగ్గా ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. పాత పలకలు నల్లబడటానికి టార్చిలైటు సెల్లు పగలగొట్టి లోపలి నల్ల పొడి పూసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. వద్దు. అది ఒట్టి బొగ్గు కాదు, మాంగనీసు, జింకు లవణాలు కలిసి ఉంటాయి. పిల్లల చేతుల్లోకీ నోట్లోకీ పోతుంది. కట్టెల పొయ్యి బొగ్గు, ఏదో ఒక ఆకు పసరు చాలు.

—

కావలి_టీచరమ్మ:

చాలా వివరంగా చెప్పారు. రెండు చిన్న సందేహాలు. బొమ్మల కార్డులు అయస్కాంతంతో అంటించుకునేలా బల్ల చేయొచ్చా? పాప రాసుకోవడానికి తొందరగా చెరిగిపోని గీతలు ఎట్లా గీయాలి?

—

వడ్రంగం_ఒంగోలు:

అయస్కాంతం కావాలంటే ప్లైవుడ్ మీద 28 గేజి జీఐ రేకు (జింకు పూసిన ఇనుప రేకు) అతికించి దాని మీద పెయింట్ వేయాలి. కొత్త జీఐ రేకు మీద మామూలు ప్రైమర్ నిలవదు, నెలల్లో అట్టలా లేస్తుంది. ఎట్చ్ ప్రైమర్ (etch primer) అని అడగండి. బల్ల బరువు ఇంకో నాలుగైదు కేజీలు పెరుగుతుంది. అంత అవసరం లేదనిపిస్తుంది నాకు. బల్ల పై అంచున దారం కట్టి బట్టల క్లిప్పులు పెట్టుకున్నా అదే పని జరుగుతుంది.

గీతలకి చక్కెర నీళ్ల సుద్ద. అర గ్లాసు నీళ్లలో రెండు చెంచాల చక్కెర కరిగించి సుద్దముక్కని పది నిమిషాలు నానబెట్టి, తడిగా ఉండగానే స్కేలు పెట్టి గీయండి. ఆరాక పొడి డస్టరుకి పోదు, తడిగుడ్డకే పోతుంది. చీమలు వస్తే నన్ను తిట్టుకోవద్దు. ఇంగ్లీషు నాలుగు గీతల కాపీ కొలత తెలుగుకి పెట్టొద్దు, ఒత్తులకి చోటు ఉండదు. అక్షరానికి 5 సెంటీమీటర్లు, దాని కింద ఒత్తుకి 3, మళ్లీ అక్షరానికి 5, ఇట్లా వదలండి. పాప ఇప్పుడు ఒత్తులు రాయదు, నిజమే. కానీ అలవాటు పడిన ఎడం తర్వాత మారదు.

బల్లని బోరు నీళ్లతో తుడవొద్దు. 1400 నీళ్లు ఆరితే తెల్లటి పొర మిగులుతుంది, సుద్ద సరిగ్గా పోలేదనుకుని ఇంకా నీళ్లు పోస్తారు, ఇంకా తెల్లబడుతుంది. కుళాయి నీళ్లతో గుడ్డ తడిపి పిండి తుడిస్తే చాలు.

—

మిద్దెతోట_నెల్లూరు:

మేడం, మీ ఆకుల అంచులు మాడేది నీళ్లు జాస్తి అయ్యీ కాదు, తక్కువయ్యీ కాదు. ఉప్పు. ముందు నీళ్ల లెక్క తేల్చుకుందాం, విత్తనాల సంగతి తర్వాత.

సాగునీటికి టీడీఎస్ 450 లోపు ఉంటే ఏ పంటకైనా చింత లేదు. 450 నుంచి 2000 దాకా పంటని చూసుకుని పెట్టాలి. 2000 దాటితే ఆ నీళ్లు కుండీలకి వద్దు. మీ 1400 ఆ మధ్యలో పైమెట్టు మీద ఉంది. కుళాయి నీళ్లు రెండు పాళ్లు, బోరు నీళ్లు ఒక పాలు కలిపితే 700కి దిగుతుంది. సగం సగం కలిపితే 875. రెండు పాళ్ల లెక్కే పట్టుకోండి. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి మూతున్న 200 లీటర్ల డ్రమ్ము ఒకటి మిద్దె మెట్ల కింద పెట్టి నింపుకోవాలి. మూత ఊరికే పెడితే చాలదు, దోమతెర గుడ్డ వేసి కట్టాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ఆరు టబ్బులకి రోజుకి 15 లీటర్లు పోస్తారనుకోండి. 700 నీళ్లంటే లీటరుకి 700 మిల్లీగ్రాములు, రోజుకి పదిన్నర గ్రాములు, నెలకి 300 గ్రాములకు పైనే లవణాలు మట్టిలోకి పోతున్నాయి. అన్నీ తినే ఉప్పు కాదులే గానీ, మొక్క నీళ్లు తాగి లవణాన్ని అక్కడే వదిలేస్తుంది. అందుకే మొలక బాగుంటుంది, వారానికి అంచులు మాడతాయి, మట్టి పైన తెల్లటి పొర కడుతుంది. అది చూసి ఎండకి ఎండుతోందని ఇంకా బోరు నీళ్లు పోస్తారు. అట్టా పోస్తే ఇంకా ముదురుతుంది.

మందు ఏందంటే, కడగడం. 15 రోజులకొకసారి ఒక్కో టబ్బుకి ఉట్టి కుళాయి నీళ్లు 15 లీటర్లు, మూడు విడతలుగా, అరగంట ఎడంతో నెమ్మదిగా పోయాలి. కింద బొక్కల్లోంచి కారిపోవాలి. బొక్కలు లేని టబ్బులో ఈ పని చేస్తే వేర్లు కుళ్లుతాయి, కాబట్టి అడుగున 10 ఎంఎం బొక్కలు ఆరైనా ఉండాలి, టబ్బు రెండు ఇటుకల మీద ఉండాలి. ఇటుకలు మిద్దె కోసం కూడా, టబ్బు అడుగున నీళ్లు నిలిస్తే స్లాబులో చెమ్మ దిగుతుంది. నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలే ఈ కడిగే పని మీకు ఊరికే చేసిపెడతాయి, టబ్బులు షీటు కింద దాచకుండా వానలో వదిలేయండి.

టబ్బు 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 9 అంగుళాల లోతు. నలభై లీటర్ల మట్టి పడుతుంది, తడిస్తే అది కూడా నలభై కేజీల పైనే. ఆరు టబ్బుల్ని మిద్దె నడిమధ్య గుంపుగా పెట్టకుండా కింద గోడలు ఉన్న వెంబడి, పిట్టగోడ పక్కన వరసగా పెట్టండి.

మట్టి కలపడం: ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, టబ్బుకి రెండు గుప్పెళ్ల వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకని నానబెట్టి అట్టాగే కలిపేస్తారు, అది తప్పు. దాంట్లోనే ఉప్పు ఉంటుంది. కుళాయి నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టండి. మీ దగ్గర మీటరు ఉందిగా, పిండిన నీళ్లలో పెట్టి చూడండి. పోసిన నీళ్ల అంకెకి దగ్గరికి వచ్చేదాకా కడగాలి, మామూలుగా మూడు సార్లు పడుతుంది.

ఇక పంట. ఉప్పుని బాగా ఓర్చేది పాలకూర, బీట్రూటు. గంగపాయల కూర అయితే చెప్పనే అక్కర్లేదు, చౌడు నేలలోనే పుడుతుంది, పప్పులో వేస్తే పుల్లగా కమ్మగా ఉంటుంది. తోటకూర, గోంగూర, బచ్చలి 700 నీళ్లకి తట్టుకుంటాయి. బీన్సు, క్యారెట్టు, ఉల్లి వద్దు, ఇవి ఉప్పుకి ముందే పడిపోతాయి. మీరు ఇష్టపడి వేసిన మెంతికూర, కొత్తిమీర నాజూకువి, అందుకే అవే మాడాయి. వాటికి ఒక చిన్న టబ్బు విడిగా ఉంచి ఉట్టి కుళాయి నీళ్లే పోయండి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం. ధనియాలు రెండు బద్దలయ్యేలా చెప్పుకింద నలిపి ఒక రాత్రి నానబెట్టాలి.

అన్ని టబ్బులూ ఒకే రోజు విత్తితే ఒకే వారం కోతకొచ్చి పక్కింటికి పంచాల్సి వస్తుంది. పది రోజులకొక టబ్బు. తోటకూర 25 నుంచి 30 రోజులకి, పాలకూర 35కి మొదటి కోత. వేర్లతో పీకకుండా రెండు వేళ్ల ఎత్తున కోస్తే మళ్లీ చిగురేస్తాయి. తోటకూర గింజ మరీ సన్నం, పిడికెడు ఇసుకలో కలిపి చల్లితే ఒకే చోట పడదు.

నీళ్లు పొద్దున 7 లోపు, మొక్క మొదట్లో మట్టికి పోయాలి, ఆకుల మీద చల్లొద్దు. ఆకు మీద ఆరిన బోరు నీటి బొట్టు అక్కడే మచ్చ పెడుతుంది. మీరు 7:30కి బస్సెక్కుతారు కాబట్టి ఈ పని అత్తమ్మ గారిదే అవుతుంది. ఆమె మెట్ల మీద బకెట్టు మోయకుండా మిద్దె పైనే కలిపిన నీళ్ల డబ్బా ఒకటి, మొక్కలకి పోసే రెండు లీటర్ల పూలడబ్బా ఒకటి ఉంచండి. టబ్బుకి పూలడబ్బా నిండా ఒకసారి, ఆ పైన కొంచెం. లెక్క చిక్కులేకుండా ఉంటుంది.

ఏప్రిల్ నుంచి జూన్ నడిమి దాకా 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టాలి, పడమటి గాలికి లేకపోతే ఆకు నిలవదు. తుపాను కబురు వస్తే నెట్ ముందు విప్పేయండి. తెరచాపలా గాలి పట్టి కర్రల్ని కూడా పీకుతుంది.

—

సైన్సు_మాస్టారు:

పై జవాబుకి రెండు చేర్పులు, ఒక హెచ్చరిక.

హెచ్చరిక ఆర్వో (నీళ్లు శుద్ధి చేసే మిషను) వదిలే నీళ్ల గురించి. వృథా పోతున్నాయని చాలామంది వాటిని కుండీలకి పోస్తారు. లీటరు మంచినీళ్లకి మూడు లీటర్లు బయటికి వదిలే మిషను అనుకుంటే, లోపలికి పోయిన 1400 నీళ్లు బయటికి 1800కి దగ్గరగా వస్తాయి. బోరు కంటే ఘోరం. అవి మరుగుదొడ్డికి వాడండి. కనిగిరి, పొదిలి వైపు చదివేవాళ్లకి ఇంకో మాట: అక్కడి నీళ్లలో ఫ్లోరైడు సమస్య ఉంది. ఫ్లోరైడు మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటిలో అది లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా. టీడీఎస్ మీటరు మొత్తం లవణాల అంకె చెబుతుంది, ఫ్లోరైడు చెప్పదు.

ఏసీ ఉంటే బయటి పైపు కింద బకెట్టు పెట్టండి. గాలిలో తేమ చల్లబడి కారే నీరు, లవణాలు దాదాపు ఉండవు. తాగకూడదు, కొత్తిమీర టబ్బుకి మాత్రం బంగారం.

పేనుబంకకి వేపనూనె కొడతారు కదా, లీటరుకి 5 మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవాలని సబ్బు వేస్తారు. మీ బోరు లాంటి గడ్డు నీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నూనె విడిపోయి పైకి తేలుతుంది, ఆఖరి చెంబులో నూనె మొత్తం ఒకే మొక్క మీద పడి ఆకు కాలుతుంది. మందు పనిచేయలేదని, మొక్క కూడా పోయిందని అనుకుంటారు. సబ్బు బదులు కుంకుడు రసం వాడండి, అది గడ్డు నీళ్లలో కూడా నురగొస్తుంది. నాలుగు కాయలు రాత్రి నానబెట్టి పిసికి వడగట్టి, ముందు ఆ రసంలో నూనె కలిపి, తర్వాత లీటరు నీళ్లు పోసి, సాయంత్రం పూట ఆకు అడుగు వైపు కొట్టాలి. నాలుగు రోజులు ఆ టబ్బు కోయొద్దు.

—

పెన్నా_ఒడ్డు:

అక్కా, మూడో ప్రశ్న నాకొదిలేశారు అందరూ.

పుల్లలతో మొదలుపెట్టండి. చీపురు పుల్లలు ఒకే కొలతకి కత్తిరించి పదేసి రబ్బరు బ్యాండు వేయండి, పది కట్టలు, విడి పుల్లలు ఇరవై. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అంటే కట్ట విప్పడమే అని పిల్లాడి చేతికి తెలుస్తుంది. కట్టలు బ్యాండుతోనే ఉండాలి, జిగురుతో అతికిస్తే విప్పడం కుదరదు, పాఠమే పోతుంది.

రెండోది అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు. చెత్త నుంచి బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారు దేశమంతా తిప్పిన పద్ధతి. మూలం 1972లో మధ్యప్రదేశ్ బడుల్లో మొదలైన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం. సైకిల్ షాపులో మీటరు వాల్వ్ ట్యూబు తీసుకుని ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు కోయండి, అరవైకి పైగా వస్తాయి. అగ్గిపుల్లల మందు ముందే గీకేయాలి, ఇది తప్పనిసరి. రెండు పుల్లలు ఒక ముక్కలో దూర్చితే కీలు. మూడు పుల్లల త్రిభుజం నొక్కినా కదలదు, నాలుగింటి చతురస్రం పక్కకి వాలుతుంది. దానికి కర్ణం కట్టమనండి, నిలబడుతుంది. కరెంటు టవరు నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో అప్పుడు అడగాలి, ముందు కాదు. ట్యూబు ముక్క నడుమ సూదితో బొక్క పొడిచి మూడో పుల్ల గుచ్చితే మూడు పుల్లల కీలు వస్తుంది. ఆరు పుల్లలు, అలాంటి నాలుగు కీళ్లతో చతుర్ముఖి. ఇది ఐదో తరగతికి. పాపకి ఇవ్వొద్దు, ముక్కలు నోట్లో పెట్టుకుంటుంది.

పాపకి ఉదయగిరి చెక్క గరిటెలు ఇంట్లో ఉంటే, చిన్నా పెద్దా వరసలో పేర్చమనండి, అంతే చాలు.

వామనగుంటలు అత్తమ్మ గారికి వచ్చే ఉంటుంది. 14 గుంటలు, గుంటకి 5 చింతగింజలు, మొత్తం 70. పీట లేకపోతే గుడ్ల అట్టలు రెండు చాలు. ఆడే ముందు ఈ గుంట తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పించండి. అష్టాచెమ్మాకి చింతగింజల్ని గచ్చు మీద ఒక వైపు అరగదీస్తే తెల్లగా అవుతాయి, నాలుగు చాలు. వంద సార్లు వేయించి ఏ పందెం ఎన్ని సార్లు పడిందో బల్ల మీద గీతలు పెట్టించండి. అష్టా ఎంత అరుదో వాళ్లకే తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది టైలరు టేపు. అది 150 సెంటీమీటర్లు. సెంటీమీటరుకి ఒక ఏడాది అనుకుని గోడకి అడ్డంగా కట్టండి, సున్నా దగ్గర 1872 రాయండి. ప్రకాశం పంతులు గారు వినోదరాయునిపాలెంలో పుట్టిన ఏడు అది. 29 దగ్గర పొట్టి శ్రీరాములు గారి పుట్టుక, 1901. 80 దగ్గర 1952, ఆయన నిరాహార దీక్షలో ప్రాణం విడిచిన ఏడు. 81 దగ్గర ఆంధ్ర రాష్ట్రం, ప్రకాశం గారే మొదటి ముఖ్యమంత్రి. 84 దగ్గర 1956, ఆంధ్రప్రదేశ్. 98 దగ్గర 1970, ఒంగోలు జిల్లా ఏర్పాటు. రెండేళ్ల తర్వాత, సరిగ్గా 100 దగ్గర, ప్రకాశం జిల్లా అనే పేరు. అంటే ఆయన పుట్టిన నూరేళ్లకి. ఇది మీరు చెప్పొద్దు, పిల్లల్నే టేపు మీద చదవనివ్వండి. 150 దగ్గర 2022, జిల్లాల విభజన. ఆ తర్వాత పుట్టినవాళ్లకి ఇంకో టేపు ముక్క అతికించాల్సిందే.

బట్టల క్లిప్పులకి చీటీలు పెట్టి తగిలించండి, మేకు అక్కర్లేదు. అత్తమ్మ గారు, మీరు పుట్టిన ఏళ్లు కూడా పెట్టండి. నానమ్మ చీటీ 1956 చీటీకి ఎన్ని వేళ్ల దూరమో పాప కొలిచి చూస్తుంది. బడిలో అయితే ఒక్కో పిల్లాడు వాళ్ల తాతయ్యది అడిగి తెస్తాడు. తిక్కన గారిని కూడా పెట్టాలనిపిస్తే మాత్రం ఇంకో ఆరు మీటర్లు వెనక్కి పోవాలి, మీ హాలు దాటి వీధిలోకి.

పుస్తకాల మాట మీరు అడగలేదు గానీ, చిన్నపిల్లలకి అట్టముఖం కనబడితేనే చేయి పోతుంది. మందపాటి గుడ్డ 36 అంగుళాల వెడల్పు, 48 పొడవు తీసుకుని, 7 అంగుళాల ఎత్తు జేబులు నాలుగు వరసలు కుట్టించి, ఒక వరస అడుగు నుంచి తర్వాతి వరస అడుగుకి 11 అంగుళాలు ఉండేలా, కర్టెన్ కడ్డీకి వేలాడదీయండి. ఆ నాలుగో బొక్క దీనికి సరిపోదు, కిటికీ ఊచలకి కట్టుకోండి. సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్టువి తక్కువ ధరకి తెలుగులో దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో కథలు ఊరికే దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది.

—

కావలి_టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. వరస ఇట్లా పెట్టుకున్నాను: ఈ ఆదివారం ప్లాస్టిక్ కాగితం పరీక్ష, డ్రమ్ము. తర్వాతి ఆదివారం కొబ్బరి పొట్టు కడగడం, మొదటి టబ్బు పాలకూర. బల్ల సంక్రాంతి సెలవులకి. ఒక్కటే మిగిలింది. పాపకి చలికాలంలో పిల్లికూతలు వస్తాయి. సుద్ద పొడి వల్ల ఇబ్బందా?

—

వడ్రంగం_ఒంగోలు:

అయితే పొడి డస్టరు ఇంట్లోకి తేవొద్దు, పిండిన తడిగుడ్డే. దుమ్ము తక్కువ రాలే సుద్ద అని విడిగా అమ్ముతారు, ధర కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. బల్ల కింద సగానికి చీల్చిన పీవీసీ పైపు ముక్క స్క్రూలతో బల్లకే బిగిస్తే రాలిన పొడి అందులో పడుతుంది, వారానికోసారి తడిపి తీసేయొచ్చు. రాసేటప్పుడు ఫ్యాను ఆపండి. మొదటిసారి బల్ల మొత్తం తెల్లగా రుద్దే పని ఉంది చూశారా, అది మిద్దె మీద చేయండి, పాప కింద ఉన్నప్పుడు. పిల్లికూతలు తగ్గకపోతే నేల మీద పెట్టే పలకరాయి, బలపం, తడిగుడ్డే ఆ పిల్లకి మేలు.